మిస్సమ్మలో ఏముందని అడిగిన గుణుపురం అమ్మాయికి

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. టీవీలో మిస్సమ్మ వస్తే మా నాన్నమ్మ పొయ్యి మీద కూర కూడా దించేసి వచ్చి కూర్చుంటుంది. నేను రెండుసార్లు మొదలుపెట్టి అరగంటకే లేచిపోయాను. డెబ్బై ఏళ్ల కిందటి నలుపు తెలుపు సినిమాలో ఆమెకు కనిపిస్తున్నదేమిటి? మా తమ్ముడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వాడికి ఈ సినిమా ఎక్కుతుందా? ఎలా చూపించాలి?

జవాబు:

అమ్మా, నేను పర్లాకిమిడి వాణ్ని. 1974లో, పదిహేడేళ్ల వయసులో, సినిమా హాల్లో ఆపరేటర్ దగ్గర అసిస్టెంటుగా చేరాను. తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా బొమ్మ వేసే మిషన్ పక్కనే బతికాను. మిస్సమ్మని మా హాల్లో నా చేతుల మీదుగా ఐదు విడతలు వేశాను. ఒక్కో విడత మూడు రోజులో, బాగా ఆడితే వారమో, రోజుకు మూడు ఆటలు. ఆపరేటర్ సినిమాను కూర్చుని చూడలేడు. ఒక కన్ను మిషన్‌లో వెలుగిచ్చే కార్బన్ పుల్లల మీద, ఒక కన్ను రీలు మీద ఉంటుంది. సినిమాను ఎక్కువగా వింటాడు, చిన్న కిటికీలోంచి జనం తలలను చూస్తాడు. వెనక నుంచి చూసినా ఎవరు నవ్వుతున్నారో భుజాలను బట్టి తెలిసిపోతుంది. అందుకని మీ ప్రశ్నకు పుస్తకాల్లోంచి కాకుండా ఆ కిటికీలోంచి జవాబు చెబుతాను.

ఆ రోజుల్లో మాకు తెలుగు ప్రింట్లు విజయనగరం వైపు నుంచి వచ్చేవి. నౌపడ దాకా పెద్ద రైలు, అక్కడి నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా మన చిన్న రైలు. మీ గుణుపురం దాకా పోయేది అదే కదా. రేకు డబ్బాల్లో రీళ్లు, పైన సినిమా పేరు సున్నంతో రాసి ఉండేది. స్టేషన్లో ఆ డబ్బా దిగగానే రిక్షావాడు పేరు చదివి, మేం హాలుకు చేరేలోపే ఊరంతా చెప్పేసేవాడు. మిస్సమ్మ వస్తే ముందుగా తెలిసేది ఆడవాళ్లకే. మొదటి రోజు మ్యాట్నీకి ఆడవాళ్ల బెంచీలు నిండిపోయేవి.

సినిమా సంగతి కాస్త చెబుతాను, మీ తమ్ముడికి చెప్పడానికి పనికొస్తుంది. 1955 జనవరి 12న విడుదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా వారి సినిమా. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్, మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు, సంగీతం సాలూరి రాజేశ్వరరావు, కెమెరా మార్కస్ బార్ట్‌లీ. అప్పాపురం జమీందారు గోపాలం గారి పెద్ద కూతురు మహాలక్ష్మి చిన్నప్పుడే తప్పిపోయింది. ఆమె పేరు మీద ఆయన బడి నడుపుతున్నాడు. ఆ బడికి బి.ఏ. చదివిన భార్యాభర్తలే టీచర్లుగా కావాలని ప్రకటన ఇస్తాడు. ఉద్యోగం లేక తిరుగుతున్న ఎమ్.టి. రావు, అప్పు తీర్చలేక సతమతమవుతున్న మేరీ, ఒకరంటే ఒకరికి పడనివాళ్లు, మొగుడూ పెళ్లాలమని చెప్పి ఆ ఉద్యోగంలో చేరిపోతారు. క్రైస్తవుల ఇంట్లో పెరిగిన మేరీ అక్కడ మహాలక్ష్మి అనే పేరు పెట్టుకుంటుంది. తప్పిపోయిన మహాలక్ష్మి ఎవరో మీకు ఇప్పుడే అర్థమైపోయి ఉంటుంది. ఫరవాలేదు. చూసేవాళ్లకు అది ముందే తెలియాలనే వాళ్లు అలా తీశారు.

నా దృష్టిలో అసలు సంగతి ఇదే. మిస్సమ్మలో తెర మీద ఉన్నవాళ్ల కంటే మనకే ఎక్కువ తెలుసు. వాళ్లు పెళ్లి కానివాళ్లని మనకు తెలుసు, జమీందారుకు తెలియదు. మేరీకి రావు మీద ఇష్టం కలిగిందని మనకు తెలుసు, మేరీకి తెలియదు. మేరీయే ఆ ఇంటి బిడ్డ అని మనకు తెలుసు, ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరూ వచ్చి "నేను నిన్ను ప్రేమిస్తున్నాను" అని మనకు చెప్పి ఒప్పించాల్సిన పని లేదు. మనమే వాళ్ల తరఫున తెలుసుకుని, వాళ్లు ఎప్పుడు తెలుసుకుంటారా అని కాచుకుని కూర్చుంటాం. ఇప్పటి ప్రేమ సినిమాల్లో ప్రేమ సంగతి వాళ్లే ముందు చెప్పేస్తారు, తర్వాత మనం నమ్మాలి. మీరు అరగంటకు లేచిపోవడానికి కారణం కూడా ఇదే అయ్యుండొచ్చు. ఆ అరగంటలో రహస్యాలు మీ చేతికి అందుతుంటాయి, అంతే. వాటితో నవ్వుకోవడం తర్వాత మొదలవుతుంది. మీ నాన్నమ్మ చేతిలో ఆ రహస్యాలు ఎప్పటి నుంచో ఉన్నాయి కాబట్టి ఆమెకు మొదటి సీనులోనే నవ్వు వస్తుంది.

ఇంకోటి ఉంది, దీన్ని గమనించడానికి నాకు రెండు విడతలు పట్టింది. మామూలుగా ప్రేమకథలో అడ్డుపడేవాడు చెడ్డవాడై ఉంటాడు. మిస్సమ్మలో అడ్డుపడేది మంచితనం. గోపాలం గారు, ఆయన భార్య ఈ జంటను సొంత కూతురు, అల్లుడు అనుకుని చూసుకుంటారు. పండు ఇస్తారు, పలకరిస్తారు, దంపతులకు చేయాల్సిన ముచ్చట్లన్నీ చేయాలని చూస్తారు. వాళ్లు ప్రేమ చూపించిన ప్రతిసారీ అబద్ధం ముడి ఇంకాస్త బిగుసుకుంటుంది. గోపాలం వేషం వేసిన ఎస్.వి. రంగారావు గారు అంతకు నాలుగేళ్ల ముందు పాతాళభైరవిలో మాంత్రికుడిగా పిల్లల్ని భయపెట్టిన మనిషి. ఇక్కడ అంత పెద్ద మనిషీ చిన్నపిల్లాడిలా ఎవరేం చెప్పినా నమ్మేస్తుంటే, హాల్లో జనం నవ్వుతూనే "అయ్యో పాపం" అనేవారు. ఆ "అయ్యో పాపం" నా చెవిలో ఇప్పటికీ ఉంది. వెటకారంతో నవ్వించే సినిమాకు జనం రెండోసారి రారు. జాలితో కలిసిన నవ్వు కోసం మళ్లీ వస్తారు. ఇది నేను టికెట్ల పుస్తకంలోనూ చూశాను.

డేవిడ్ అని ఒకడున్నాడు, రమణారెడ్డి. అప్పు ఇచ్చి మేరీని పెళ్లి చేసుకోమని వేధించేవాడు. కథకు అతనొక్కడే చేదు. అతన్ని కూడా భయంకరంగా చూపించలేదు.

ఇప్పుడు ముఖాల గురించి. మేరీ వేషానికి ముందు భానుమతి గారిని తీసుకున్నారు. కొంత షూటింగ్ అయ్యాక చక్రపాణి గారితో మాట పట్టింపు వచ్చి ఆమె తప్పుకున్నారు. గోపాలం గారి చిన్న కూతురు సీత వేషానికి అనుకున్న సావిత్రికి మేరీ వేషం వచ్చింది, సీతగా జమున వచ్చింది. భానుమతి గారు చేసి ఉంటే అదీ గొప్పగానే ఉండేది, కానీ అది వేరే సినిమా అయ్యేది. ఆమె కోపం నిజమైన కోపంలా ఉంటుంది. సావిత్రి కోపం చూడండి. కనుబొమలు కోపంగా ఉంటాయి, పెదవి చివర మాత్రం ఆ కోపంతో కలవదు. రావు ఏదో అన్నాక మొహం తిప్పుకుని రెండడుగులు వేసి ఆగుతుంది. ఆ ఆగడంలోనే హాలంతా నవ్వేది. మాట లేదు, సంగీతం కూడా పెద్దగా లేదు, ఆ ఆగడమే ఉంది.

మా హాలుకు ఒడియా వాళ్లు కూడా బాగా వచ్చేవారు. పక్కనున్న తెలుగువాణ్ని "కొణొ కొహిలా?" అని, అంటే ఏమన్నాడని, అడిగి తెలుసుకునేవారు. అందువల్ల మాటతో పుట్టిన నవ్వు మా హాల్లో రెండుసార్లు వచ్చేది. ముందు తెలుగువాళ్ల నవ్వు, రెండు క్షణాల తర్వాత ఒడియా వాళ్ల నవ్వు. కానీ సావిత్రి ఆగిన చోట ఒకేసారి వచ్చేది. ఏ నవ్వు మాటది, ఏ నవ్వు మనిషిది అని నాకు నేర్పింది ఆ రెండు క్షణాల తేడాయే. మీ తమ్ముడి గురించి మీకు బెంగ అక్కర్లేదని నేను ధైర్యంగా అంటున్నది కూడా దాన్ని బట్టే.

రావు వేషం వేసిన ఎన్.టి. రామారావు గారి గురించి తక్కువ మంది మాట్లాడతారు. ఈ సినిమాలో ఆయన గొంతు పెంచరు. పేరు చూడండి, ఎమ్.టి. రావు. ఇంగ్లీషు వచ్చినవాళ్లకు ఆ రెండక్షరాలు కలిపి చదివితే ఖాళీ అని వినిపిస్తుంది. జేబు ఖాళీ, ఇల్లు ఖాళీ. అయినా మర్యాద మాత్రం నిండుగా ఉన్న మనిషి. మేరీ పెట్టిన షరతులు ఆయన దాటడు. ఒకే కప్పు కింద ఉంటూ గీత దాటని మగవాడిని చూసి ఆ బెంచీల మీది ఆడవాళ్లు ఎంత మెచ్చుకునేవారో, ఇంటర్వెల్‌లో ముఢీ, అంటే మరమరాల, మిక్చరు పొట్లాలు పట్టుకుని మాట్లాడుకుంటుంటే మెట్ల మీద నుంచి విన్నాను. "అలాంటోడు దొరికితే నిజంగానే చేసుకోవచ్చు" అని ఒకావిడ అంటే, రెండో ఆవిడ జవాబు చెప్పకుండా ఊరుకుంది.

నాగేశ్వరరావు గారిది ఇంకో రకం సాహసం. 1953లో దేవదాసుతో దేశమంతా ఏడిపించిన నటుడు, రెండేళ్లు తిరక్కుండా ఇందులో డిటెక్టివ్ రాజు అనే వెర్రిబాగుల కుర్రాడి వేషం ఒప్పుకున్నారు. దేవదాసు ముద్ర పోవాలని ఆయనే కోరుకున్నారు. కథానాయకుడు కూడా కాదు, సీతకు బావ. పెద్ద హీరో తన పేరు పక్కన పెట్టి ఇంకొకరి సినిమాలో నవ్వించడానికి వచ్చాడంటే ఆ రోజుల్లో సినిమా అంటే వాళ్లకు ఎంత ఇష్టమో అర్థమవుతుంది.

పాటల్లో ఒక జంట గురించి తప్పకుండా చెప్పాలి. మేరీ సీతకు సంగీతం నేర్పుతూ, మగవాళ్లకు దూరంగా ఉండమని చెల్లెలికి బుద్ధి చెప్పే పాట ఒకటి పాడుతుంది. అది రావు వింటాడు. తర్వాత అదే వరసలో, అదే సీతకు పాఠం చెబుతున్నట్టు, జవాబు పాడతాడు. మధ్యలో సీత అమాయకంగా నేర్చుకుంటూనే ఉంటుంది. ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరు మూడో మనిషి పాఠంలోంచి పోట్లాడుకోవడం. మనిళ్లల్లో అత్తాకోడళ్లు పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని, వాడితో మాట్లాడుతున్నట్టు ఒకరినొకరు దెప్పుకోరూ? అదే పద్ధతి. ఇంత తెలిసిన విషయాన్ని రాగంలో పెట్టారు. ఏ.ఎమ్. రాజా, పి. లీల గొంతులు ఇందులో అరవవు, వంకర పోవు. మామూలుగా మాట్లాడుకుంటున్నట్టే ఉంటాయి.

ఇక చందమామ పాట. రావు, మేరీ ఇద్దరూ ఒకరి మీద ఒకరు చందమామకు ఫిర్యాదు చేసుకుంటారు. బార్ట్‌లీ గారి వెన్నెల గురించి అందరూ రెండేళ్ల తర్వాత వచ్చిన మాయాబజార్ పేరు చెబుతారు, నాకు మాత్రం ఈ వెన్నెలే ఇష్టం. ఇది మా పనికి సంబంధించిన మాట. ఆ రోజుల్లో మిషన్‌లో వెలుగు కార్బన్ పుల్లలది. రెండు పుల్లల మధ్య సందు సరిగా పెట్టకపోతే తెర పచ్చబడిపోతుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు నడుస్తుంది. ఈ సినిమా మూడు గంటలు, అంటే పదహారు వేల అడుగులు పైమాటే. ఆ పాట ఏ రీలులో ఉందో గుర్తుంచుకుని, దానికి ముందే నేను కొత్త పుల్లలు ఎక్కించేవాణ్ని. పుల్లల ఖర్చు ఎక్కువవుతోందని యజమాని అడిగితే ఇదీ కారణమని చెప్పాను, ఆయన మళ్లీ అడగలేదు. తెల్లటి వెలుగు పడితేనే ఆకుల మీద, సావిత్రి చెంప మీద ఆ వెండి రంగు వస్తుంది.

ఒక విడతలో మాకు వచ్చిన ప్రింటు బాగా అరిగిపోయింది. ఎక్కడో, ఎవరో ఆ పాటలోంచి చాలా అడుగులు కత్తిరించేశారు. పాట ఒక చరణం నుంచి ఎగిరి తర్వాతి సీన్లో పడింది. అలాంటప్పుడు జనం కేకలేస్తారు, సోడా సీసాలు కూడా విసురుతారు. ఆ రోజు అలా జరగలేదు. ఆడవాళ్ల బెంచీల నుంచి ఒకావిడ పాట అందుకుంది. ఇంకో నలుగురు కలిశారు. తెర మీద మాటలు నడుస్తుండగా కింద చరణం పూర్తయింది. నేను మిషన్ దగ్గర స్పీకరు గొంతు కాస్త తగ్గించి నిలబడ్డాను.

భాష గురించి చెప్పకుండా పర్లాకిమిడి వాడు ఈ సినిమా గురించి మాట్లాడకూడదు. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్లోనే పాఠాలు చెప్పారు. కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. బడి పుస్తకాల్లో జనం మాట్లాడే తెలుగు ఉండాలని పోరాడిందీ ఇక్కడి నుంచే. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు కలిశాక ఆయన ఊరు విడిచి వెళ్లారు. నాలుగేళ్లకు కాలం చేశారు. ఆయన సినిమాల కోసం పోరాడలేదు, నిజమే. కానీ మిస్సమ్మలో పింగళి గారి మాటలు వింటున్నప్పుడల్లా, ఆయన కోరుకున్న తెలుగు ఇదే కదా అనిపించేది నాకు. మొదట్లో మన సినిమాల్లో రాజులే కాదు, నౌకర్లు కూడా నాటకం పద్యం ముందు మాట్లాడినట్టు మాట్లాడేవారు. ఇందులో చదువుకున్నవాళ్లు, జమీందారు, దేవయ్య వేషంలో రేలంగి, ఎవరి మాట వాళ్లదే. వాక్యాలు చిన్నవి, ఒకరి మాట ఇంకొకరు అందుకుంటారు. మిషన్ గదిలో బొమ్మ కనిపించకపోయినా, గొంతులను బట్టి ఎవరు ఎవరికి దూరం జరిగారో నాకు తెలిసేది. మీ తమ్ముడు తెలుగు చదవలేడు అన్నారు. ఈ సినిమాకు చదవడం అక్కర్లేదమ్మా. మీ ఇంట్లో మాట్లాడే తెలుగు వస్తే చాలు.

ఇంకో విషయం. కథ మనది కాదు, బెంగాల్‌ది. రవీంద్రనాథ్ మైత్ర రాసిన మానమయీ గర్ల్స్ స్కూల్ అనే హాస్యనాటకం దీనికి మూలం. చక్రపాణి గారికి బెంగాలీ బాగా వచ్చు, శరత్ నవలలు తెలుగులోకి తెచ్చింది ఆయనే. అదే కథను అదే సమయంలో తమిళంలోనూ తీశారు. అక్కడ కూడా సావిత్రి, జమున ఉన్నారు, రావు వేషం జెమినీ గణేశన్‌ది. 1957లో మీనాకుమారితో హిందీలో మిస్ మేరీ వచ్చింది. బెంగాల్ నుంచి బయల్దేరిన కథ ఇన్ని భాషల్లో ఇల్లు కట్టుకుందంటే, అందులోని నవ్వు ఒక్క భాషకు కట్టుబడింది కాదన్నమాట. మా హాల్లోని ఒడియా వాళ్ల నవ్వు చెప్పిందీ అదే.

మన సరిహద్దు వాళ్లకు ఈ సినిమా ఇంకొంచెం దగ్గర అని నేను గట్టిగా నమ్ముతాను. మేరీ అప్పాపురంలో వేరే పేరుతో, వేరే బొట్టుతో బతుకుతుంది. ఎవరైనా "మహాలక్ష్మీ" అని పిలిస్తే పలకడానికి అరక్షణం పడుతుంది. మన పిల్లలకు అది ఎందుకు అర్థం కాదు? ఇంట్లో మహాలక్ష్మి బడికి వెళ్లగానే మొహాలొఖ్మి అవుతుంది. ఇంటిపేరు ఫారంలో ఒకలా, పిలుపులో ఒకలా ఉంటుంది. మా మేనకోడలు బరంపురం కాలేజీలో చేరిన మొదటి వారం, హాజరు పిలిచినప్పుడు తన పేరు తనదని తెలియక రెండు రోజులు పలకలేదు. ఇంటికొచ్చి ఏడ్చింది. ఆ సెలవుల్లో మా హాల్లో మిస్సమ్మ ఆడుతోంది. మేరీ తడబడే సీను చూసి అందరికంటే గట్టిగా నవ్వింది అదే. నేను కిటికీలోంచి చూశాను.

మేరీమాతను ప్రార్థించే పాట ఒకటి ఉంది. మా జిల్లా కొండల నుంచి సంతకు దిగిన సవర కుటుంబాలు సాయంత్రం ఆటకు వచ్చేవి. వాళ్లలో చర్చికి వెళ్లేవాళ్లు చాలామంది. ఆ పాట వచ్చినప్పుడు నేల టికెట్టు వైపు నిశ్శబ్దంగా ఉండేది. బెంచీల మీద గుడికి వెళ్లేవాళ్లు కూడా అంతే నిశ్శబ్దంగా ఉండేవారు. ఆ సినిమా ఎవరి దేవుణ్నీ నవ్వులకు వాడుకోలేదు. అంత హాస్యం ఉన్న సినిమాలో ఆ జాగ్రత్త పాటించడం చిన్న సంగతి కాదు.

ఇంత ఇష్టపడే సినిమాలో నాకు నచ్చనివీ ఉన్నాయి, దాచను. ఆడువారి మాటలకు అర్థాలే వేరు అన్న పాట అంత తీయగా ఉంటుంది కాబట్టే అది 2001లో ఖుషి సినిమాలో మళ్లీ వినిపించింది, 2007లో ఆ పాట మొదటి మాటలే ఒక సినిమాకు పేరయ్యాయి. కానీ ఆడపిల్ల కాదంటే అవునని అర్థం అనే మాటను ఏ కుర్రాడూ బతుకులోకి తెచ్చుకోకూడదు. మీ తమ్ముడికి ఆ పాట దగ్గర ఈ ముక్క చెప్పండి. రావు పాడిన పాట వేరు, రావు నడిచిన తీరు వేరు. మేరీ కాదన్న ప్రతిసారీ అతను కాదనే అర్థం చేసుకున్నాడు. ఆ నడతే చూపించండి.

రెండోది ముగింపు. పుట్టుమచ్చ చూసి మేరీయే మహాలక్ష్మి అని తేల్చడంతో, మతాలు వేరైన ఇద్దరు పెళ్లి చేసుకోవచ్చా అన్న ప్రశ్న పక్కకు జరిగిపోయింది. అంత చక్కగా ముడి వేసినవాళ్లు ఆ ముడి విప్పే బాధ్యత పుట్టుమచ్చకు అప్పగించారు. 1955కు అదే సాధ్యమేమో. నాకు మాత్రం ఆ రీలు ఎక్కించేటప్పుడు ప్రతిసారీ కాస్త వెలితిగా ఉండేది. రాజు గారి డిటెక్టివ్ వెతుకులాట కూడా రెండో సగంలో కొంచెం సాగుతుంది. అక్కడ పిల్లలు అటూ ఇటూ తిరిగితే తిరగనివ్వండి.

చూపించడం ఎలాగంటారా, ఫోన్లో వద్దు. ముఖం మీద చిన్న కదలికే ఈ సినిమాలో సగం కథ. చిన్న తెర మీద అది కనిపించదు. టీవీలో పెట్టండి. పెట్టాక ముఖాలు వెడల్పుగా, మనుషులు పొట్టిగా కనిపిస్తున్నారా చూడండి. పాత సినిమా బొమ్మ దాదాపు నాలుగుకు మూడు పాళ్లలో ఉంటుంది, మీ టీవీ పదహారుకు తొమ్మిది. టీవీ ఆ బొమ్మను సాగదీసి తెర నిండా పరుస్తుంది. రిమోట్‌లో బొమ్మ కొలత మార్చుకునే చోటికి వెళ్లి అసలు పాళ్లకు తెండి. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, రావాలి. కొన్నిచోట్ల తెర నింపడానికి పైనా కిందా కోసేసిన కాపీలు ఉంటాయి. నుదురు తెగి కనిపిస్తే ఆ కాపీ మానేయండి. శబ్దం పాతది, ఒకే గొట్టంలోంచి వచ్చినట్టు ఉంటుంది. టీవీలో హాలు శబ్దం లాంటి హంగులుంటే తీసేయండి, మాట స్పష్టంగా వినిపిస్తుంది.

ఒకే రాత్రి మూడు గంటలూ చూడాలని లేదు. ఇంటర్వెల్ దాకా ఒక రోజు, మిగిలింది మర్నాడు. మొదలు మాత్రం వదలొద్దు, వేగంగా నడపొద్దు. మీరు గతంలో లేచిపోయిన ఆ అరగంటలోనే జమీందారు ఇల్లు, తప్పిపోయిన పిల్ల, మేరీ అప్పు, రావు ఖాళీ జేబు, అన్నీ మీ చేతిలో పెడతారు.

మీ నాన్నమ్మను కుర్చీలో కాక తమ్ముడి పక్కన కూర్చోబెట్టండి. ఆమెకు ప్రతి సీనూ తెలుసు కాబట్టి మాట రాకముందే నవ్వుతుంది. వాడు తెర చూడటం మానేసి ఆమెను చూస్తాడు, తర్వాత ఎందుకు నవ్విందా అని తెర వైపు తిరుగుతాడు. మా హాల్లో పిల్లలంతా సినిమా చూడటం అలాగే నేర్చుకున్నారు. ఆమె ముందుగా ఏ చోట నవ్విందో గుర్తుపెట్టుకుని నాకు రాయండి. మా హాల్లో ఆడవాళ్లు అందరికంటే ముందు నవ్వే చోటు ఒకటి ఉంది, అదీ ఇదీ ఒకటేనా అని చూడాలని ఉంది.

మొదలుపెట్టే ముందు గదిలో లైట్లన్నీ ఆపేయండి. వంటింటి లైటు కూడా. లేకపోతే ఆవిడ మధ్యలో కూర సంగతి గుర్తొచ్చి లేస్తారు.